గోడ అవతలి గంట

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా గాజులామె. లాడ్ బజారు నుంచి గాజుల మలారం మోసుకొని పురానాపూల్ దాకా ఇల్లిల్లూ తిరిగే మనిషి. మా ఇళ్ళలో వంటింటి దాకా, ముస్లింల ఇళ్ళలో ఆడవాళ్ళుండే జనానా దాకా అడ్డం లేకుండా పోగలిగింది ఆమె ఒక్కతే. ఎప్పుడూ గల్లీ మలుపులోనే ఆమె నవ్వు వినబడేది. ఆ రోజు వినబడలేదు. మలారం దించకుండానే నా మణికట్టు పట్టుకుంది.

"బిడ్డా, అన్న ఇంట్లనే ఉన్నడా?"

"ముందర అర్రల ఉన్నడు. ఏందమ్మా, గట్లున్నవ్?"

"గల్లీ మొదట్ల పోలీసుల మోటరు ఆగింది. దాని మీద చక్రం లెక్క తీగ ఒకటి. దాన్ని అటు ఇటు తిప్పుకుంట, చెవులకు డబ్బలు పెట్టుకొని వింటున్నరు. మన గల్లీల ఎవరో గాలిల తార్ కొడుతున్నరట. దుష్మన్లకు ఖబర్లు పోతున్నయట." గొంతు ఇంకా తగ్గించింది. "అందరి నోట్ల మీ అన్న మాటే ఉందే."

యుద్ధం రోజులవి. దొంగచాటుగా వైర్‌లెస్ మిషను పెట్టుకున్నాడన్న అనుమానం మీద ఎవరినో తీసుకుపోయారని, ఆ మనిషి జాడ ఇంటివాళ్ళకు నేటికీ తెలియదని బజారులో చెప్పుకొనేవారు. నిజమో కాదో ఎవరూ విచారించేవారు కారు. విన్నవాళ్ళు తలుపు వేసుకొని పడుకునేవారు, అంతే.

మా అన్న వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవాడు. సర్కారు లైసెన్సు ఉంది. నాన్న పోయాక అమ్మకూ నాకూ అతనే ఆధారం. నేను బడి మొహం చూడలేదు. నాన్న ఉన్నన్నాళ్ళు ఆయన పలక మీద అక్షరాలు దిద్దించారు. ఆ తర్వాత అన్న తన పని దగ్గర కూర్చోబెట్టుకొని, సీసం కరిగిస్తూ, ఏ తీగ ఎందుకో చెబుతూ ఉండేవాడు. ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని అతను ఏనాడూ అనలేదు. ఆ ఇద్దరినీ ఇచ్చినందుకు దేవుడికి ఈనాటికీ పొద్దున్నే దండం పెట్టుకుంటాను.

అన్న దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం సెట్టు చెడిపోయినవి కావు. సెట్టు బాగానే ఉంటుంది, వార్తల మీద ఏదో గరగర వచ్చి పడుతుంది. "సెట్టుకు రోగం లేదు చెల్లే, గాలికి రోగం," అనేవాడు. నిప్పురవ్వ ఎగిరిన చోటల్లా ఒక చిన్న స్టేషను పుడుతుందని, దానికి మాటలు రావు గనుక గరగరమంటుందని నాకు చెప్పాడు. పిండి గిర్నీ మోటారు కావచ్చు, వదులైన బల్బు కావచ్చు. వెతికి పట్టుకొని, ఆ రవ్వను అది పుట్టిన చోటే మింగేసేటట్టు ఒక కండెన్సరు కట్టి వచ్చేవాడు. గరగర పోయేది. గిర్నీ సేటు ఆ సంతోషంలో మాకు గోధుమపిండి పంపాడు కూడా.

ఆ ఏడు చలి మొదలయ్యే వేళకు కొత్త గరగర ఒకటి వచ్చింది. అది మోటారు చప్పుడు కాదు. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఒక్క గీత గీసినట్టు గర్రుమంటుంది. ఒక్కోసారి రెండు గీతలు, ఒక్కోసారి మూడు, ఒక్కోసారి సాగదీసిన పెద్ద గీత. పొద్దున, దీపాలు పెట్టే వేళ ఎక్కువ. మా ఎదురింట్లో రైల్వేలో టెలిగ్రాఫ్ కొట్టే తార్ బాబుగా చేసి రిటైరైన పెద్దాయన ఉండేవాడు. యుద్ధం వార్తలు వినందే ఆయనకు ముద్ద దిగేది కాదు. ఒక సాయంత్రం అన్నను పిలిచి సెట్టు ముందు కూర్చోబెట్టాడు. నేను, అమ్మ మా గుమ్మంలో నిలబడి విన్నాం.

"విన్నవా? ఇది ఊరికే లొల్లి కాదు. ఇది తార్. నా చేతులు ఇదే పని చేసి అరిగినయ్," అన్నాడాయన.

"ఏం చెప్తుంది బాబుగారు?"

"గదే తెలుస్తలేదు. అక్షరం లెక్కనే ఉంటది, అక్షరం కాదు. ఇది మనకు తెల్వని లిపి."

"దయ్యాల లిపి గావచ్చు. మీరు మీ దుకాణం బంద్ చేసుకొని బువ్వ తినుండ్రి," అంది లోపలి నుంచి ఆయన భార్య. ఎవరూ నవ్వలేదు. ఆ మూడు గీతలు మళ్ళీ వచ్చాయి. ఎవరో చీకట్లో నిలబడి తలుపు తట్టినట్టు ఉంది.

మరునాటి నుంచి అన్న దాని వెంట పడ్డాడు. కర్ర చట్రానికి తీగ చుట్టి, చిన్న సెట్టుకు తగిలించి, మిద్దె మీద నిలబడి తిప్పేవాడు. చట్రం ఏ దిక్కుకు తిరిగినప్పుడు చప్పుడు పెద్దదవుతుందో, ఆ గీత మీదే ఎక్కడో దాని పుట్టుక ఉన్నట్టు. కానీ అది ముందుందా, వెనకుందా, దగ్గరా, దూరమా అని చట్రం చెప్పదు. అందుకు ఇంకో చోట నిలబడి ఇంకో గీత తీయాలి. రెండు గీతలు కలిసిన చోట దొంగ దొరుకుతాడు.

ఆ రెండో చోటే మాకు లేదు. మా ఇంటి వెనక గోడ జాగీర్దారుల భవంతి అయిన పెద్ద దేవిడీ జనానా గోడకు ఆని ఉంటుంది. దాని పక్క సందు ఆడవాళ్ళ సందు. అందులో పరాయి మగవాడు నిలబడకూడదు. మిద్దె ఎక్కాలన్నా మగవాళ్ళు ముందు "పర్దా అమ్మా, పర్దా!" అని కేకవేయాలి. అవతల ఆడవాళ్ళు లోపలికి పోయాకే ఎక్కాలి. అది మా గల్లీ రివాజు, ఎవరు ఏ మతమైనా. అన్న ఆ కేక వేయకుండా ఒక్కనాడూ ఎక్కలేదు. అందుకే అతను చట్రంతో మిద్దె ఎక్కే సంగతి ప్రతిసారీ గల్లీ అందరికీ తెలిసింది.

చప్పుడు వెతుకుతున్నవాణ్ణే చప్పుడు చేస్తున్నవాడని అనుకున్నారు.

గాజులామె ఇంకా మా వాకిట్లో ఉండగానే పోలీసు అమీన్ వచ్చాడు. పెద్దమనిషి తరహాయే, కేకలు వేయలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. అన్న చట్రాన్ని చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు.

"ఏమిటిది?"

"గరగర ఎక్కడి నుంచి వస్తుందో పట్టేది సాబ్."

"మా మోటరు మీద కూడా ఇదే ఉంది. అది సర్కారుది. నీకెందుకు?"

"అందరికీ వార్తలు వినబడాలని సాబ్."

"మా తీగ గీత నీ ఇంట్ల నుంచి పోతుంది. నీ వెనక దేవిడీ. ఆ ఇంట్ల వైర్‌లెస్సే లేదు, ఆ ఇంటి పెద్దలకు అది గిట్టదు. మరి ఎవరు కొడుతున్నట్టు?"

అన్న నోరు తెరిచాడు. వెనక గోడ వైపు ఒక్క క్షణం చూశాడు. "నేను గాదు సాబ్," అన్నాడు, అంతే.

సామాన్లు మూటగట్టారు. అన్నను వెంట తీసుకుపోయారు. అమ్మ గుమ్మం పట్టుకొని కూలబడింది. పోతూ పోతూ అమీన్ ఆమెతో మెల్లగా అన్నాడు: "ఫికర్ చేయకుండ్రి అమ్మా. మీ కొడుకు మా దగ్గర ఉన్నప్పుడు కూడా ఆ తార్ మోగిందనుకోండ్రి, అతనిది తప్పు లేనట్టే. ఇంటికి తోలిస్తం. మోగలేదనుకోండ్రి..." మాట పూర్తి చేయలేదు. కాగితాలు నయాపూల్ అవతలి అదాలత్‌కు పోతాయని, అక్కడి నుంచి ఇక తన చేతిలో ఉండదని మాత్రం చెప్పాడు.

ఆ సాయంత్రం దీపం పెట్టి, ఎదురింటి సెట్టు వైపు చెవి ఒగ్గి కూర్చున్నాను. జీవితంలో అంత గట్టిగా నేను ఏ వరమూ కోరుకోలేదు. గర్రుమను తండ్రీ, ఒక్కసారి గర్రుమను అని. వార్తలు నీళ్ళలా స్పష్టంగా వచ్చాయి. ఒక్క గీత లేదు. అమీన్ మనిషి తార్ బాబు పక్కనే కూర్చొని విన్నాడు. పొద్దున కూడా లేదు. ఆ మర్నాడూ లేదు.

గల్లీలో మాతో మాట్లాడటం మానేశారు. తార్ బాబు గుమ్మం దగ్గర కనబడితే తల తిప్పుకున్నాడు. పాపం, ఆయన తప్పేముంది? చెవి విన్నది చెప్పాడు. అమ్మ ఒక్కసారి, గోడ వైపు తిరిగి పడుకొని, "వాడే చేసిండేమో బిడ్డా? మనకు తెల్వకుండ?" అంది. ఆ మాట ఇంట్లో తిరుగుతూనే ఉంది. నేను రామనామం అనుకుంటూ దాన్ని చెవిలో పడకుండా చేసుకోవాలని చూశాను.

ఆ రోజుల్లో మాకు అన్నం పెట్టింది దేవిడీ పెద్ద బేగం. నేను ఆమెను బడీమా అనేదాన్ని. రెండిళ్ళ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ తలుపు ఉండేది. ఆడవాళ్ళం వీధిలోకి పోకుండా అందులోంచే అటూ ఇటూ వచ్చేవాళ్ళం. మా ఆచారం తెలిసినామె గనుక తన వంటింట్లోది కాకుండా, పూరీలు కాల్చే అంగడి నుంచి బ్రాహ్మడి చేత తెప్పించిన పూరీలు, అరటిపండ్లు ఆ కిటికీలో పెట్టించేది. మూడో రోజు నేను గిన్నె తిరిగి ఇవ్వడానికి, చేతులెత్తి దండం పెట్టడానికి పోయాను. ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. పని మనుషులు మునివేళ్ళ మీద నడుస్తున్నారు. పొయ్యి మీద కడాయి లేదు.

"ఎవరికైనా ఒంట్లో బాగలేదా బడీమా?" అని అడిగాను.

"పాగల్ పిల్లా. మీ ఇంట్ల గిట్లయితే మా ఇంట్ల కడాయి ఎట్ల పెడ్తం? పోపు వాసన గోడ దాటద్దు. మా అత్తమ్మ నేర్పింది గదే. ఏ గోడకు దుఃఖముంటే, పక్క గోడ నోరు మూసుకోవాలె." పాన్‌దాన్ పక్కకు జరిపి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. "ఘంటీ కూడ బంద్ చేయించిన. చెవులల్ల గిర్రుమంటే మీ అమ్మకు ఎట్లుంటది?"

నేను తల వూపి లేవబోయాను. మళ్ళీ కూర్చున్నాను.

"ఏ ఘంటీ బడీమా?"

ఆ గంట నాకు తెలియంది కాదు. జనానా నుంచి మర్దానాకు కబుర్లు మోసే ముసలి దాయి పోయాక, ఆ దసరా తర్వాత, బడీమాకు మోకాళ్ళ నొప్పులని కొడుకు కరెంటు గంట పెట్టించాడు. లోపల మీట నొక్కితే మగవాళ్ళ వైపు గంట మోగుతుంది. ఒక్కసారి నొక్కితే చాయ్. రెండుసార్లయితే పాన్. మూడు అంటే ఆడ చుట్టాలు వచ్చారు, మగవాళ్ళు ఇటు రావద్దని. పట్టి నొక్కితే దస్తర్ఖాన్ పరిచారని, అన్నానికి రమ్మని. ఇన్నాళ్ళూ అవతలి నుంచి ఆ గంట చప్పుడు వింటూనే ఉన్నాను. అది మనుషుల చెవికి వినబడే చప్పుడనుకున్నాను గాని, దానికి ఇంకో గొంతు ఉంటుందని అనుకోలేదు.

గంట ఎక్కడుందో చూపించమన్నాను. మగవాళ్ళు లేని వేళ గనుక దాసి తీసుకుపోయింది. మూత తీసి, లోపల మీట నొక్కమన్నాను. సుత్తి కొట్టుకుంటున్న చోట చిన్న నీలి రవ్వలు. దాని తీగలు రెండూ దూరందూరంగా, మిద్దె అంచు వెంబడి, మా గోడ మీదుగా జనానా దాకా పరిచి ఉన్నాయి, ఎవరో కావాలని ఏరియల్ కట్టినట్టు. తార్ బాబు చెప్పిన తెలియని లిపి అదే: చాయ్, పాన్, చుట్టాలు, అన్నం.

బడీమా దగ్గరికి తిరిగి వచ్చాను. మా మీద దయతో ఆమె గంట ఆపడమే అన్న మెడకు ఉరి బిగిస్తూ ఉంది. చెప్పాను. ఆమె పాన్‌దాన్ మూత వేసింది. తర్వాత అడిగింది: "మీ అన్నకు తెలుసా?"

వెనక గోడ వైపు అన్న చూసిన చూపు గుర్తొచ్చింది. "తెలుసేమో బడీమా," అన్నాను.

కొడుకును పిలిపించింది. నేను చిక్ అనే వెదురు తెర వెనక ఉన్నాను. అతను తల్లిని ప్రేమించే మనిషే. కానీ భయం మనిషిని మార్చేస్తుంది. "దేవిడీలో దొంగ తార్ అంటారు అమ్మీ! మన జాగీరు సంగతి ఏమవుతుంది? పోలీసులు జనానాలో కాలు పెడతారు! రేపు తెల్లారేసరికి ఆ గంట ఊడబీకి మూసీలో పడేయిస్తా. మనకు తెలియదు, అంతే," అన్నాడు. ఆ గంట మూసీలో పడితే అన్న కూడా దాంతోనే పోయినట్టు.

"జీ బేటా, నీ ఇష్టం," అంది బడీమా. అంత తేలిగ్గా అన్నందుకు ఆమె మీద నాకు కోపం వచ్చింది. అతను నమాజుకు పోయాడు. అతని చెప్పుల చప్పుడు దూరం కాగానే ఆమె ముసలి వంటవాణ్ణి పిలిచి, ఈ ఇంటి పెద్ద సలాం చెప్పిందని, వెంటనే రావాలని చెప్పి అమీన్ దగ్గరికి పంపింది.

అమీన్ ఎదురింట్లో సెట్టు ముందు నిలబడ్డాడు. గల్లీ అంతా పోగయింది. దేవిడీ లోపల బడీమా మీట నొక్కింది. ఒక గీత. రెండు. మూడు. తార్ బాబు "ఇదే, ఇదే!" అని లేచి నిలబడ్డాడు. నేను దేవుడా అనుకున్నాను. కానీ అమీన్ తల అడ్డంగా ఊపాడు.

దేవిడీ గుమ్మం దగ్గరికి వచ్చి, మర్యాదగానే, చిక్ బయట నిలబడి అన్నాడు: "గుస్తాఖీ మాఫ్ చేయండి. గోడ చాటున ఎవరు కొడుతున్నరో, గంటే కొడుతున్నరో మిషనే కొడుతున్నరో నాకేం తెలుసు? మేం పట్టుకున్నతని మనిషే ఎవరో లోపల మిషను పెట్టి కొడుతుండొచ్చు. కండ్లతో చూడంది నేను రాయలేను."

అతని మాటలో న్యాయం ఉంది. పెళ్ళయి ఆ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి బడీమా ముఖం పరాయి మగవాడు చూడలేదు. డాక్టరు కూడా పర్దా సందులోంచి చెయ్యి పట్టుకొని నాడి చూసేవాడు.

ఆమె నా భుజం ఊతంగా పట్టుకొని లేచింది. మోకాళ్ళు కటకటమన్నాయి. చిక్ ఎత్తమంది. దాసి ఎత్తలేదు, ఏడుస్తోంది. తనే ఎత్తింది.

"రండి అమీన్ సాబ్. నేను ముసలిదాన్ని. ఇదుగో ఈ చెయ్యి. ఇదుగో మీట. చాయ్ అడుగుతున్న, వినుండ్రి."

నొక్కింది. ఎదురింటి నుంచి గర్రుమంది. అమీన్ ఒక్కసారి చూశాడు, తల దించుకున్నాడు. గంట మూత తీసి రవ్వలు చూశాడు. తీగ వెంట కళ్ళు మిద్దె దాకా పోయాయి. సలాం చేసి, వెనక్కి తిరగకుండా, వెనక అడుగులు వేస్తూ బయటికి పోయాడు.

అన్న మరునాడు ఇల్లు చేరాడు. కుడి చేతి వేళ్ళు వాచి ఉన్నాయి. ఎందుకని మేము అడగలేదు, అతను చెప్పలేదు. అన్నం తిన్నాక మాత్రం నేను అడిగాను, గంట సంగతి నీకు ముందే తెలుసా అని.

"చట్రం అటే చూపించింది చెల్లే. గంట పెట్టినంక మొదలైందని కూడ అనుకున్న. కానీ జనానా మీదికి పోలీసుల్ని నేనెట్ల తోలుత? ఇన్నేండ్ల సంది వాళ్ళ గోడకు మన గోడ ఆని ఉంది."

ఆ చేతితో అతను పని చేయలేడు. అందుకని కిటికీ ఇవతల కూర్చొని చెబుతుంటే, అవతల నేను చేశాను. రవ్వ పుట్టే చోట ఇటూ అటూ కండెన్సరు కట్టాను. దూరందూరంగా పరిగెత్తుతున్న రెండు తీగల్ని దగ్గరికి చేర్చి జడ అల్లినట్టు పెనవేశాను. ఒకదాని గోల ఇంకొకటి మింగుతుందన్నాడు అన్న. మిద్దె అంచు నుంచి కిందికి దించి గోడ మొదట్లో పరిచాను. బడీమా మీట నొక్కింది. తార్ బాబు ఎదురింట్లో నుంచి అరిచాడు: "ఏం లేదు! సాఫ్!" ఆమె నవ్వింది. ఆమె నవ్వగా చూడటం అదే ఆఖరు.

కొడుకు తల్లిని ఒక్క మాట అనలేదు. ఇల్లంతా ఆమెతో మాట్లాడటం మానేసింది. కోడళ్ళు కూడా. ఆ వారమే మేస్త్రీలు వచ్చి కిటికీకి ఇటుకలు పేర్చారు. తడి సున్నం వాసన మా వంటింటి దాకా వచ్చింది. గాలి మార్పు మంచిదని ఆమెను జాగీరు ఊరికి పంపారు. గోడకు చెవి ఆనించి వినేదాన్ని గాని, అవతలి నుంచి ఏమీ వినబడేది కాదు. ఆమె అక్కడే చనిపోయిన సంగతి నెలలు గడిచాక తెలిసింది.

గల్లీలో ఇప్పటికీ ఈ కథ చెబుతారు. తార్ బాబు చెవి గురించి, అమీన్ న్యాయం గురించి, మా అన్న అదృష్టం గురించి చెబుతారు. చిక్ ఎత్తిన చెయ్యి గురించి చెప్పరు. ఆ ఇంటి ఆడవాళ్ళ పేర్లు పరాయివాళ్ళ ముందు పలికే రివాజు లేదు, అందుకే నేనూ ఇక్కడ రాయలేదు. అన్న ముసలివాడై, మనవల మధ్య, తన మంచం మీద పోయాడు. అది ఆమె పెట్టిన భిక్ష. మీరు ఏ దేవుడికి మొక్కినా సరే, మొక్కేటప్పుడు ఒక్కసారి ఆ బడీమాను తలుచుకోండి. పేరు లేకపోయినా ఆమెకు అందుతుంది.